అద్దాల మీది ఆవిరి

అన్నం గిన్నె మీద మూత తీయగానే ఆవిరి లేచి నా కళ్ళద్దాలను కప్పేసింది. కొత్త బియ్యం వాసన, పక్క పొయ్యి మీద నేతిలో వేగుతున్న ఇంగువ వాసన తెలుస్తున్నాయి కానీ వంటగది మాత్రం మాయమైపోయింది. మామూలు రోజుల్లో అయితే కొంగుతో తుడుచుకుంటాను. ఈరోజు తుడుచుకోలేదు. ఆ తెల్లటి పొర అంచుల నుంచి మెల్లగా కరిగి, గోడకు వేలాడే గరిటెలు, కిటికీ, ఎదురింటి డాబా మీద ఆరేసిన బట్టలు ఒక్కొక్కటిగా తిరిగి వచ్చేదాకా అలాగే నిలబడ్డాను. ఎంతసేపో పట్టదు. అంత కొంచెం సేపట్లో ఏడాది కోపాన్నంతా చెప్పుకోగలిగిన మనిషిని నేను చూశాను. ఆమె పేరు నీలవేణి టీచర్.

ఈరోజు భగినీ హస్త భోజనం. దీపావళి అమావాస్య వెళ్ళిన రెండో రోజు, కార్తీక శుద్ధ విదియ. యముడంతటివాడు పని పక్కన పెట్టి చెల్లెలు యమున ఇంటికి వెళ్ళి, ఆమె చేతి వంట తిన్న రోజని చెబుతారు. ఆరోజు మగవాళ్ళు సొంత ఇంట్లో తినకూడదు. అక్కో చెల్లెలో వడ్డిస్తే తినాలి. రాఖీ పండుగకు ఉన్న సందడి దీనికి లేదు. రాఖీ వస్తే చార్మినార్ చుట్టుపక్కల కాలు పెట్టే చోటు ఉండదు. దీనికి బజారులో కొనాల్సింది ఏమీ లేదు కనుక బజారు దీన్ని పట్టించుకోదు. పిలవాలి, వండాలి, వడ్డించాలి, అంతే. ఆ మూడింటిలో పిలవడమే కష్టమని నాకు తెలిసి వచ్చింది టీచర్ వల్లనే.

ముందుగా నా సంగతి ఒకటి చెప్పాలి. నన్ను ఎవరు ఏమన్నా నేను మరిచిపోను. ఏడో తరగతి ఫొటోలో నన్ను ఎత్తైన పిల్ల వెనక నిలబెట్టినవాళ్ళెవరో నాకు ఇప్పటికీ గుర్తే. నా పెళ్ళి విందులో అత్తవారి వైపు ఎవరు నా ఆకు దాటేసి పక్క ఆకులో భక్ష్యం వేశారో కూడా గుర్తే. మరిచిపోయేవాళ్ళు మంచివాళ్ళని లోకం అంటుంది. నేను చూసినంతవరకు, తొందరగా మరిచిపోయేది నొప్పించినవాళ్ళే.

పదిహేనేళ్ళ క్రితం మేము పాతబస్తీ హుస్సేనీ ఆలంలో టీచర్ ఇంటి పై వాటాలో అద్దెకు దిగాము. ఆమె ప్రభుత్వ బాలికల బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. పిల్లలు లేరు, భర్త పోయి చాలా కాలమైంది. పొట్టిగా ఉండేది. సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలు జారిపోకుండా వాటికి నల్లదారం కట్టి మెడ వెనక ముడి వేసుకునేది. గల్లీలో సగం మంది ఆడవాళ్ళు ఆమె దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ళే. "టీచర్ ఆపా", అంటే టీచరక్కా, అని పిలిచేవాళ్ళు, ఎదురుపడితే పక్కకు తప్పుకునేవాళ్ళు. దిగిన రోజే నేను పాలు పొంగించి, ఆ పాలతోనే సేమ్యా పాయసం చేసి ఒక గిన్నె కిందికి ఇచ్చి వచ్చాను. మర్నాడు ఆమె ఆ గిన్నె కడిగి తెచ్చి, గల్లీలో నలుగురూ ఉండగా నా చేతికిచ్చి, "చక్కెర జర తక్కువైంది" అంది. ఆ మాట పోనీ. గిన్నె ఖాళీగా ఉంది! ఆ గల్లీలో హిందువుల ఇల్లు కానీ, ముస్లింల ఇల్లు కానీ, వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపే ఇల్లు ఒక్కటీ లేదు. ఏమీ లేకపోతే చెంచాడు చక్కెరైనా వేసి పంపుతారు. నేను ఆ ఖాళీ గిన్నెను పదకొండు నెలలు మనసులో పెట్టుకున్నాను. చివరికి ఒక మధ్యాహ్నం ఎదురింటి ఫాతిమా బీతో అన్నాను.

తెల్లారేసరికి టీచర్ మోకాలి మీద చేయి పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. చేతిలో గిన్నె నిండా మామిడికాయ తొక్కు.

"గిన్నె ఖాళీగ ఇచ్చిన్నంట?"

నేను తల వంచుకున్నాను.

"ఇచ్చిన. తప్పే. మరి నాకెందుకు చెప్పలె?"

"మీకెట్ల చెప్తం టీచర్, పెద్దోళ్ళు..."

"పెద్దోళ్ళకు చెప్పవు, గల్లీకి చెప్తవు. పదకొండు నెల్ల సంది మోస్తున్నవు, మెడ నొయ్యలేదా?" అని, వెళ్తూ వెళ్తూ మెట్ల మీద ఆగింది. "చూడు విమలా, ఎవరి మీదున్న ఫిర్యాదు వాళ్ళది. తీస్కపోయి వాళ్ళకే ఇయ్యాలె. ఊరంత పంచొద్దు."

తొక్కు బాగుంది. కానీ చక్కెర సరిపోయిందని మాత్రం ఆమె అనలేదు. అది కూడా నేను గమనించాను.

ఆ ఏడాది విదియనాడు కరివేపాకు కోసం కిందికి వెళ్ళాను. ఆమె తమ్ముడు నర్సింగరావు గారు అప్పుడే ఉప్పుగూడ నుంచి స్కూటర్ మీద వచ్చారు. అరవై దాటిన మనిషి, నిండు పొట్ట, చేతిలో బార్కస్ తోటల జామకాయల సంచి. పీట మీద బుద్ధిగా కూర్చున్నారు. టీచర్ పొగలు కక్కే అన్నం గిన్నె తెచ్చి, వంగి కంచంలో గరిటెడు వేసింది. ఆవిరికి ఆమె అద్దాలు రెండూ తెల్లబడ్డాయి. అంతే, మొదలుపెట్టింది.

"అరే నర్సింగ్, శ్రావణంల నీ మనుమరాలికి చెవులు కుట్టిచ్చినవు. నాకు ఎప్పుడు చెప్పినవు? ఒక్కరోజు ముందు. ఒక్కరోజు ముందు చెప్పేది ఎవరికిరా? టెంటు సామానోనికి!"

"అవునక్కా."

"అవునక్కా అనుడు కాదు. ఉగాది పచ్చడి తెచ్చిస్తనన్నవు. ఏది? ఇంకో ఉగాది వస్తుంది."

అద్దాల మీది ఆవిరి ఆరిపోతోంది. ఆమె మళ్ళీ గిన్నె మీదికి వంగింది. అద్దాలు మళ్ళీ తెల్లబడ్డాయి. "ఇంకింత ఏసుకో."

"చాలక్కా."

"నాకు చాల్లేదు," అంటూ ఇంకో గరిటె వేసి, మూడోది మొదలుపెట్టింది.

ఆ రోజు ఆయనకు మూడు గరిటెల కోపం దక్కింది. ఐదు గరిటెల సంవత్సరాలు కూడా తరువాత నేను చూశాను. చివరికి ఆవిరి పూర్తిగా ఆరి ఆయన కనిపించగానే ఆమె గొంతు మారిపోయింది. "ఏందిరా, గింత చిక్కినవు?" అంది, ఆ పొట్టను చూస్తూనే. ఆయన చేయి కడుక్కుని, చీర పెట్టి, దండం పెట్టి లేచేసరికి, గుమ్మం దగ్గర వేలెత్తి, "ఇంకొకటున్నది. వచ్చే ఏడు చెప్త" అంది. ఆయన తల ఊపి, సంచిలోంచి నాకూ ఒక జామకాయ ఇచ్చారు. ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్నది.

ఆయన వెళ్ళాక అడిగాను. "టీచర్, అద్దాలు తుడుసుకోవచ్చు కదా?"

"తుడుసుకుంటే వాని మొఖం కనిపిస్తది. మా అమ్మ పోయిననాడు నాకు తొమ్మిదేండ్లు, వానికి ఆరు. ఇప్పటికి నాకు వాడు ఆరేండ్లోని లెక్కనే కనిపిస్తడు. ఆ మొఖాన్ని చూసుకుంట ఎట్ల తిట్టాలె?"

"అయితే తిట్టుడెందుకు? ఊకుంటే అయిపాయె."

"ఊకుంటే అన్నంల కలుస్తది," అంది టీచర్, కంచం తీస్తూ. "అది వాడు తింటడు."

నాకు తమ్ముడు ఒక్కడే, రమేశ్. కొన్నేళ్ళకు వాడు మూసీ అవతల ఫ్లాటు కొనుక్కున్నాడు. గృహప్రవేశానికి కొత్త పొయ్యి మీద పాలు పొంగించవలసింది ఇంటి ఆడబిడ్డ. అంటే నేనే. నెల రోజుల ముందే వెళ్ళి పాలు కాచడానికి ఇత్తడి గుండు గిన్నె కొన్నాను, చింతపండుతో తోమి అద్దంలా చేశాను. ఆ తెల్లవారుజామున మేమెక్కిన ఆటో దారిలో ఆగిపోయింది. ఇంకో ఆటో దొరికి, మెట్లెక్కి, గుండు చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడేసరికి ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. పాలు పొంగిపోయాయి. మరదలి చెల్లెలు పొయ్యి చుట్టూ తుడుస్తోంది. "వచ్చినవా వదినా, పాయసం తిను" అన్నారెవరో. ఆల్బంలో ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. రెండో పేజీ, పాలగిన్నె మీద వేరే వాళ్ళ గాజుల చేయి.

నేను గొడవ చేయలేదు. గుండు వెనక్కు తెచ్చుకున్నాను. ఆ ఏడాది నుంచి రాఖీ కొరియర్‌లో పంపాను, కవరులో కుంకుమ పొట్లం కూడా పెట్టకుండా. విదియకు పిలవడం మానేశాను. మూడేళ్ళు. వాడూ ఎందుకని అడగలేదు. ఈ పాల సంగతి టీచర్ ఒకసారి మొత్తం విన్నది. రెండోసారి మొదలుపెట్టగానే, తరగతిలో లాగా అరచేయి చూపించింది.

"ఇది నాది కాదు గదా. రమేశ్‌ది. వానికియ్యి."

"వాడు అడగలె టీచర్."

"నువ్వు పిలువలె."

అంతకు మించి ఒక్క మాట అనలేదు. నచ్చజెబుతుందనుకున్నాను, నచ్చజెబితే కాదనాలని కూడా అనుకున్నాను. ఆ అవకాశం కూడా ఇవ్వకపోవడం నాకు బాధ కలిగించింది.

మూడో ఏడాది దీపావళికి వారం ముందు టీచర్ బాత్‌రూములో జారి పడింది. కుడి మణికట్టుకు కట్టు కట్టారు. "వంట నీది, వడ్డన నాది" అని నాకు ఒప్పజెప్పింది. పొద్దున్నే దిగి పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు, భక్ష్యాలు చేశాను. నర్సింగరావు గారు వచ్చి పీట మీద కూర్చున్నారు. ఎడమ చేత్తో వడ్డించనంది టీచర్. కట్టులోంచి బయటికి వచ్చిన వేళ్ళతో గరిటె పట్టుకుంది, బరువు ఆగడం లేదు. అప్పుడు నేను ఆమె చేతి కింద నా చేయి పెట్టాను. ఇద్దరమూ కలిసి అన్నం వేశాము. ఆమె అద్దాలు తెల్లబడ్డాయి, ఫిర్యాదులు మొదలయ్యాయి. మధ్యలో, "ఈ పిల్ల పప్పుల ఉప్పు తక్కువేసింది, ఏమనుకోకుండ తిను" అని కూడా అంది. పొద్దుటి నుంచి పొయ్యి ముందు నిలబడ్డ మనిషి పక్కనే ఉండగా అనే మాటా అది!

కానీ ఆ రోజు నాకు ఉప్పు మాట మీద ధ్యాస నిలవలేదు. నాకు అద్దాలు లేవు. టీచర్‌కు ఎప్పుడూ కనిపించనిది నాకు మూరెడు దూరంలో కనిపించింది. నర్సింగరావు గారి ముఖం. అక్క తిడుతుంటే ఆ ముఖం వెలిగిపోతోంది. ఒక్కో తిట్టుకూ "అవునక్కా" అంటూ, తరువాతది ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తున్నారు. ఇల్లు నిండా మనుమలు ఉన్న ఆ మనిషిని ఏడాది పొడుగునా అరే అని పిలిచేవాళ్ళు ఇంకెవరూ లేరు. నా తమ్ముణ్ణి మూడేళ్ళుగా నేను ఒక్క మాటా అనలేదని అప్పుడే నాకు తట్టింది. అది నేను వాడి మీద చూపించిన దయ అనుకుంటూ వచ్చాను.

మెట్లెక్కి వచ్చి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నవురా?"

"ఆఫీసుల, అక్కా. ఏమైంది? అందరు మంచిగున్నరా?"

"తిన్నవా?"

"విదియ గదక్కా. ఇంట్ల తినొద్దు. క్యాంటీన్ల తింట ఇంకొంచెం సేపైనంక."

"పోయినేడు?"

"క్యాంటీన్లనే."

"అంతకు ముందేడు?"

"గదే క్యాంటీను."

"ఏం తినకు. ఇటు రా. నీతోని కొట్లాడేది ఉంది," అని పెట్టేశాను.

పెట్టేశాక భయం వేసింది. వాడి ముఖం చూస్తూ నేను చెప్పగలనా? కిందికి పరుగెత్తాను. "టీచర్, నాకు అద్దాలు లెవ్వు," అన్నాను. ఆమె లేచింది. బీరువా తెరిచి, పాత కళ్ళద్దాల జత తీసి, నల్లదారం మెడ వెనక ముడి వేసుకోమంది. "పెట్టుకో. నా పవరుకు నీకు వాడే కాదు, గోడ కూడ కనిపియ్యది."

రమేశ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "అక్కా, అద్దాలు ఎప్పుడొచ్చినయి?"

"మాట్లాడకు. కూసో."

కంచం ఎక్కడుందో తడుముకుని అన్నం వేశాను. "అక్కా, చాప మీద పడుతున్నది."

"పడనీ. ఇంట్ల పాలు ఎవరు పొంగియ్యాలెరా?"

"... ఆడబిడ్డ."

"నీకు ఆడబిడ్డలెంతమంది?"

"ఒక్కతివే."

ఇక ఆగలేదు. ఇత్తడి గుండు, చింతపండు, ఆటో, గాజుల చేయి, పాయసం తిను అన్న మాట, ఆల్బంలో రెండో పేజీ, అన్నీ చెప్పాను. నా ముందు ఒక తెల్ల చొక్కా మరక మాత్రం కదులుతోంది. ఆ మరకే చివరికి మాట్లాడింది. "ముహూర్తం పోతున్నదని అయ్యగారు ఒకటే లొల్లి. రెండుసార్లు పొయ్యి చిన్నగ చేసిన అక్కా, నువ్వు వస్తవని. మూడోసారి చెయ్యి పెట్టేలోపలనే పొంగినయి."

"మరి గీ ముక్క ఫోన్ చేసి ఎందుకు చెప్పలె?"

మరక తల దించుకుంది. నేను ఇంకో గరిటె కోసం గిన్నె మీదికి వంగాను. అప్పుడే కిటికీ కింద నుంచి గట్టిగా ఒక గొంతు వినిపించింది.

"విమలా! అన్నం చల్లగైతుంది, వాణ్ణి తిననియ్యి!"

మొదటి నుంచీ వింటోందన్నమాట. అద్దాలు తీశాను. చిన్నప్పుడు పలక పగలగొట్టి, అమ్మ కర్ర తీస్తే నా వెనక దాక్కున్న ముఖం ఒకటి, ముందు జుట్టు పలచబడి, నా ఎదురుగా కూర్చుని ఉంది. "తిను," అన్నాను. "ఫోన్ సంగతి వచ్చే ఏడు." వాడు చాప మీద పడ్డ మెతుకులు కూడా ఏరుకుని తిన్నాడు. ఆ ఆదివారం వచ్చి నన్నూ ఇత్తడి గుండునూ వాళ్ళింటికి తీసుకుపోయాడు. ముహూర్తం లేదు, అయ్యగారు లేడు. పాలు పొయ్యి నిండా, గట్టు నిండా పొంగాయి. మరదలే తుడుచుకుంది. నేను సాయం చేయలేదు.

టీచర్ పోయి రెండేళ్ళయింది. నాలుగు రోజుల జ్వరం, అంతే. ఆ ఏడాది విదియనాడు కింద స్కూటర్ ఆగిన చప్పుడు వినిపించి తొంగి చూస్తే, నర్సింగరావు గారు జామకాయల సంచితో తాళం వేసిన తలుపు ముందు మెట్టు మీద కూర్చుని ఉన్నారు. "ఇంట్ల తినొద్దు గదమ్మా. బండి తీసిన, ఇటే వచ్చింది," అన్నారు. పైకి రమ్మన్నాను. నేను వడ్డించవచ్చా అని సందేహించాను. "అక్క చెయ్యి కింద చెయ్యి పెట్టినవు గద, చాలు," అన్నారు. అప్పటికి నాకూ సొంత అద్దాలు వచ్చాయి. రమేశ్ పక్కన ఆయనకూ కంచం పెట్టాను.

తినబోతూ ఆయన తలెత్తి అడిగారు. "పోయినసారి కూడ, ఇంకొకటున్నది వచ్చే ఏడు చెప్త అన్నది. అదేందో నీకేమన్న చెప్పిందా?"

"లేదు బాపూ. ఎవరిది వాళ్ళకే చెప్పేది."

ఆయన ముఖం చిన్నబోతుందనుకున్నాను. నవ్వారు. "పోనీ. నా మీద అక్కకింకొకటి ఉన్నది," అన్నారు, ఏదో బహుమతి దక్కినట్టు.

ఇదే అదను అనుకుని నా గొంతులో ఉన్నది నేనూ అడిగేశాను. "ఏటేటా నాకే చిన్న జామకాయ ఎందుకిచ్చిండ్రు?"

ఆయనకు పొలమారింది. నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, "అది నేను కాదమ్మా, అక్క చెప్పింది," అన్నారు. "విమలకు చిన్నది ఇయ్యిరా, పెద్దది ఇస్తే తిని మరిచిపోతది అన్నది."

నాకు ఎంత కోపం వచ్చిందో! అన్నేళ్ళు! కానీ ఆ ఫిర్యాదు ఆమెది. ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. నా దగ్గరే ఉంది, ఆ పాత అద్దాలతో పాటు.

ఈరోజు కూడా ఇద్దరూ వచ్చారు. పక్కపక్కన కూర్చున్నారు. గిన్నె మీదికి వంగాను, ఇద్దరూ మాయమయ్యారు. దసరాకు వచ్చి పది నిమిషాలు కూడా కూర్చోకుండా వెళ్ళినందుకు రమేశ్‌కు ఒక గరిటె. షుగరు మాత్రలు వేసుకోనందుకు నర్సింగరావు గారికి ఒక గరిటె. "అవునక్కా" అని ఒక గొంతు, "అవునమ్మా" అని ఒక గొంతు. రెండో గరిటె తరువాత అద్దాలు తేటపడ్డాయి. రమేశ్ చేయి కడుక్కుని, చెప్పులు వేసుకుంటూ ఎప్పటిలాగే అడిగాడు. "అక్కా, ఆ ఫోన్ సంగతి?"

"వచ్చే ఏడు," అన్నాను.

నర్సింగరావు గారు సంచి విప్పారు. లోపలికి చేయి పెట్టి, ఒకటి తీసి చూసి, కాదని మళ్ళీ వేసి, చాలాసేపు వెతికారు. చివరికి దొరికింది. నిమ్మకాయంత ఉంది. దాన్ని నా అరచేతిలో పెట్టి, ఏమీ ఎరగనట్టు వీధి వైపు చూశారు.

నేనూ ఏమీ అనలేదు. అనాల్సింది వచ్చే విదియకు ఉంచాను.